గిరీశం పాఠం, హిగ్గిన్స్ పాఠం

స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాల్లో చివరి పేజీలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. ఎడమపక్క ఇడియం, కుడిపక్క దాని తెలుగు అర్థం, కింద ఉదాహరణగా ఒక వాక్యం. 'పీస్ ఆఫ్ కేక్' అంటే చాలా తేలిక. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే ఎప్పుడో గానీ జరగనిది. 'కిక్ ద బకెట్' అంటే చచ్చిపోవడం. రోజుకు పది చొప్పున బట్టీ పట్టేస్తే మాట్లాడటం దానంతటదే వస్తుందని భరోసా. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఇచ్చే జిరాక్స్ కాగితాల నుంచి ఫోన్లో వచ్చే చిట్టి వీడియోల దాకా ఇదే వరస. ఈ వరస మీద నాకు చాలాకాలంగా అనుమానం. ఆ అనుమానానికి జవాబు భాషాశాస్త్రంలో కంటే ముందు రెండు నాటకాల్లో దొరికింది. ఒకటి గురజాడ 'కన్యాశుల్కం', రెండోది బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్'.

రెండూ దాదాపు ఒకే కాలానివి. కన్యాశుల్కాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చువేశారు. మనమంతా చదువుకునేది గురజాడ సమూలంగా తిరగరాసిన 1909 నాటి ప్రతి. షా తన నాటకాన్ని 1912లో రాశాడు. ఇంగ్లిష్ ఉచ్చారణ గురించిన ఆ నాటకం మొట్టమొదట ఆడింది 1913లో, వియన్నాలో, జర్మన్ భాషలో! లండన్ రంగస్థలానికి రావడానికి 1914 ఏప్రిల్ దాకా పట్టింది. వీరిలో ఒకరి రచన ఇంకొకరికి తెలుసనే వాదన నాది కాదు. ఒకే ప్రశ్న ఇద్దరికీ ఎదురైంది, అంతే. అరువు తెచ్చుకున్న మాటలతో మనిషి మాట్లాడితే ఎదుటివాళ్లకు ఏం వినిపిస్తుంది? దానికి ఇద్దరూ చెరో సన్నివేశం రాశారు. ఆ రెండు సన్నివేశాలనీ పక్కపక్కన పెట్టి చూడటమే ఇక్కడ నా పని.

ముందు మన అగ్రహారం. పరీక్ష తప్పిన వెంకటేశం సెలవులకి కృష్ణరాయపురం వచ్చాడు. వెంట ట్యూటరు వేషంలో గిరీశం. విజయనగరంలో అప్పులవాళ్లకి మొహం చూపించలేక ఈ దారి పట్టాడన్న సంగతి మనకి తెలుసు, ఇంట్లోవాళ్లకి తెలీదు. కొడుకు ఇంగ్లిష్ చదువుకి తగలేసిన డబ్బు గురించి అగ్నిహోత్రావధాన్లు మండిపడుతున్నాడు. తల్లి వెంకమ్మకి మాత్రం ఆ చదువు మీద కొండంత ఆశ. మీరిద్దరూ ఒక్కసారి ఇంగ్లిష్‌లో మాట్లాడండి బాబూ, వింటాను అని అడుగుతుంది. గురువు 'ట్వింకిల్ ట్వింకిల్'తో అందుకుంటాడు. శిష్యుడు ఎక్కడో రీడర్లోంచి గుడారంలో ఉన్న తెల్లవాడి వాక్యం తీస్తాడు. గురువు మండుతున్న ఓడ మీద నిలబడ్డ కుర్రాడి పద్యం వదులుతాడు. శిష్యుడు రేఖాగణితంలోంచి ఒక సిద్ధాంతం ఒప్పజెబుతాడు. గురువు మిల్టన్‌ని దించుతాడు. ఆ దిగిన మిల్టన్ తోటలో నిషేధించిన చెట్టు కాస్తా మామిడిచెట్టు అయిపోతుంది. శిష్యుడు ఎఫ్‌తో ముగిసే నామవాచకాల బహువచన సూత్రంతో ముక్తాయింపు ఇస్తాడు. ఈ మాటలకి అర్థమేమిటని అవధాన్లు అడిగితే, సెలవుల్లో ఎలా చదవాలో మాట్లాడుకుంటున్నామని గిరీశం తడుముకోకుండా చెబుతాడు.

దీన్ని అందరం నవ్వుకునే ఘట్టంగానే గుర్తుపెట్టుకున్నాం. నవ్వు ఆగాక ఇంకోసారి చదివితే గురజాడ ఎంత గట్టి పని చేశాడో తెలుస్తుంది. అక్కడ వినిపించిన వాక్యాల్లో మామిడిచెట్టు తప్ప వ్యాకరణానికో, అచ్చుపుస్తకానికో తేడా వచ్చేది దాదాపు లేదు. అన్నీ అసలు సిసలు ఇంగ్లిష్ వాక్యాలే. పైగా వంతులు తప్పలేదు. ఒకరు ఆగగానే ఇంకొకరు అందుకున్నారు, తడబాటు లేదు, వెతుకులాట లేదు. ఇవాళ్టి కోచింగ్ భాషలో చెప్పాలంటే 'ఫ్లూయెన్సీ'కి నూటికి నూరు మార్కులు. లేనిదల్లా ఒకరి మాటకి ఇంకొకరి మాట జవాబు కావడం. సంభాషణ రూపం మొత్తం ఉంది, సంభాషణ మాత్రం జరగలేదు. జాబితాతో నేర్చుకున్న ఇంగ్లిష్ మీద ఇంతకంటే కచ్చితమైన విమర్శ ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా చూడాలి. అక్కడే ఉన్న అవధాన్లు బావమరిది కరటకశాస్త్రి మేనల్లుడు వెంకటేశాన్ని ఒక తెలుగు పద్యం చదవమంటాడు. ఇంగ్లిష్‌లో ఏం జరిగిందో తేల్చలేడు కాబట్టి, తాను తూచగలిగిన సరుకు అడిగాడు. ఆ గదిలో పరీక్ష పెట్టడం ఎలాగో తెలిసినవాడు అతనొక్కడే.

ఇక లండన్. పూలు అమ్ముకునే ఎలైజా డూలిటిల్ కోరిక చాలా చిన్నది. వీధి మూలన బుట్ట పట్టుకుని నిలబడే బదులు పూలకొట్లో ఉద్యోగం కావాలి. దానికి తన మాటతీరు అడ్డం. ప్రొఫెసర్ హిగ్గిన్స్ దగ్గరికి వచ్చి పాఠానికి ఒక షిల్లింగు ఇస్తానని బేరం పెడుతుంది. హిగ్గిన్స్ ఆర్నెల్లలో ఆమెని డచెస్‌లా చూపిస్తానని కల్నల్ పికరింగ్‌తో పందెం వేస్తాడు. మూడో అంకంలో మొదటి పరీక్ష. చెల్సీలో హిగ్గిన్స్ తల్లి ఇంట్లో, అతిథులు కూర్చున్న హాల్లో. రెండు విషయాలే మాట్లాడమని హిగ్గిన్స్ ముందే కట్టడి చేశాడు: వాతావరణం, అందరి ఆరోగ్యం.

ఎలైజా ఉచ్చారణ ముత్యాల్లా ఉంటుంది. వాతావరణం గురించి అడిగితే రేడియో బులెటిన్ చదివినట్టు చెబుతుంది. రేడియో అప్పటికి రాలేదనుకోండి, అయినా ఇంతకంటే దగ్గరి పోలిక దొరకడం లేదు. ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి కట్ట తెగుతుంది. ఎవరో ఇన్‌ఫ్లుయెంజా మాటెత్తారు. మా పిన్ని దాంతోనే పోయిందన్నారు గానీ, నన్నడిగితే ఆ ముసలిదాన్ని ఎవరో చంపేశారు అంటుంది. ఈ చంపడానికి ఆమె వాడింది సందుగొందుల ఇడియం: 'డన్ హర్ ఇన్'. ఆ పిన్ని గొంతులో తండ్రి జిన్ను పోసి బతికించిన వైనమూ చెబుతుంది. పోయిన టోపీ కథ కూడా వస్తుంది. హాల్లో ఒకావిడ బిత్తరపోయి ఆ మాటకి అర్థమేమిటని అడుగుతుంది. ఇది ఇప్పుడు వాడుకలోకి వచ్చిన కొత్త కబుర్ల భాష అని హిగ్గిన్స్ చటుక్కున సర్దేస్తాడు.

అవధాన్లు ప్రశ్న, ఈ ఇంగ్లిష్ దొరసాని ప్రశ్న ఒక్కటే. గిరీశం జవాబు, హిగ్గిన్స్ జవాబు కూడా ఒకే జాతివి. ఇద్దరు గురువులూ శిష్యుల పరువు కాపాడటానికి అక్కడికక్కడ అబద్ధం అల్లారు, ఇద్దరి అబద్ధమూ చెల్లిపోయింది. ఈ రెండు సన్నివేశాల పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. అసలు సంగతి తేడాలో ఉంది. వెంకటేశం మాటల్లో ఇంగ్లిష్ ఉంది, సంగతి లేదు. ఎలైజా మాటల్లో కావలసినంత సంగతి ఉంది. ఒక చావు, ఒక అనుమానం, ఒక తాగుబోతు సంసారం, పేదరికం. మాటాడటమంటే అదే కదా! పుస్తకం ప్రకారం చూస్తే ఇడియం వాడకంలో ఆమె ఎక్కడా తప్పు చేయలేదు. అర్థం సరైనదే, సందర్భం సరైనదే. తప్పిందల్లా కూర్చున్న హాలు.

జాబితాలు చెప్పనిది ఇదే. ఎడమపక్క ఇడియం, కుడిపక్క అర్థం ఉంటాయి గానీ, ఎవరు ఎవరితో ఏ గదిలో అంటారన్న మూడో నిలువు వరస ఉండదు. చనిపోయాడని చెప్పడానికి ఇంగ్లిష్‌లో 'పాస్డ్ అవే' ఉంది, 'కిక్డ్ ద బకెట్' ఉంది. జాబితాలో రెండింటి అర్థమూ ఒకటే. మేనేజరు తండ్రి పోయిన రోజున రెండోది వాడిన ఉద్యోగికి ఆ తేడా తెలిసొస్తుంది. మనకి ఇది కొత్త సంగతి కాదు. తెలుగులో కాలం చేశారని ఎవరిని అంటామో, బాల్చీ తన్నేశాడని ఎవరిని అంటామో, గుటుక్కుమన్నాడని ఎవరిని అంటామో పసిపిల్లలకీ తెలుసు. ఎవరూ జాబితా ఇవ్వలేదు. పరామర్శకి వెళ్లిన ఇంట్లో ఒక మాట, రచ్చబండ దగ్గర ఒక మాట విని పట్టుకున్నాం. ఇంగ్లిష్‌కి వచ్చేసరికి ఆ తెలివి ఇంట్లో వదిలేసి క్లాసుకి వెళతాం.

తిట్టు దగ్గర ఈ రెండు నాటకాలూ ఇంకా దగ్గరవుతాయి. అదే హాల్లోంచి వెళ్లిపోతూ ఎలైజా 'బ్లడీ' అనే మాట వదులుతుంది. 1914లో లండన్ ప్రేక్షకులు ఆ ఒక్క మాటకి గగ్గోలు పడ్డారు. పత్రికలు దాని చుట్టూ రోజుల తరబడి తిరిగాయి. కాని షా వేసిన అసలు దెబ్బ ఆ మాటలో లేదు. రెండో అంకంలోనే హిగ్గిన్స్ ఇంటి పనులు చూసే మిసెస్ పియర్స్ ఆయన్ని హెచ్చరిస్తుంది. ఆ పిల్ల ముందు ఆ మాట వాడకండి, మీరు బూట్ల మీదా వెన్న మీదా రొట్టె మీదా కూడా అదే వాడుతున్నారు అని. అంటే లండన్‌కే గొప్ప భాషా పండితుడి నోట అది రోజువారీ మాట. ఆయన అంటే కోపిష్టి మేధావి, పూలపిల్ల అంటే అలగాతనం. ఆపైన, అతిథుల్లో ఉన్న క్లారా అనే అమ్మాయి ఇదే కొత్త ఫ్యాషనని నమ్మి వెళ్లేముందు తానూ ఆ మాట అనేసి పోతుంది. ఆమె అంటే నాజూకు. మాట ఒకటే, నోళ్లు మూడు, వెలలు మూడు.

గిరీశం 'డామ్' కూడా అలాంటిదే. దొరల దగ్గర తిట్టు, అతని దగ్గర కండువా. అగ్రహారంలో దాని అర్థం ఎవరికీ తెలియక్కర్లేదు. తెలిస్తేనే ఇబ్బంది. వెంకటేశాన్ని 'మై డియర్ షేక్‌స్పియర్' అని పిలవడమూ ఈ ఖాతాలోదే. చుట్టూ ఉన్నవాళ్లకి అది వ్యాకరణం కాదు, హోదా. షా నాటకంలో ఇడియం మనిషి పుట్టుకని బయటపెడుతుంది. గురజాడ నాటకంలో ఇడియం మనిషి పుట్టుకని, అప్పులని, నడవడిని అన్నింటినీ కప్పేస్తుంది. వలస దేశంలో ఇంగ్లిష్ చేసే పని, లండన్‌లో ఇంగ్లిష్ చేసే పని ఎందుకు వేరో ఇంతకంటే పొట్టిగా చెప్పడం కష్టం. లండన్‌లో వినేవాళ్లందరికీ ఆ భాష వచ్చు, కాబట్టి మాట మనిషిని పట్టిస్తుంది. కృష్ణరాయపురంలో వినేవాళ్లకి రాదు, కాబట్టి మాట మనిషిని దాచిపెడుతుంది.

గురువులుగా చూస్తే? హిగ్గిన్స్ పనిమంతుడు. షా తన ముందుమాటలో హెన్రీ స్వీట్ అనే అసలు ధ్వనిశాస్త్రవేత్తని తలుచుకుంటాడు, ఆ శాస్త్రం మీద ఆయనకి అంత గురి. అయితే నాకు షా దగ్గర ఒక పేచీ ఉంది. ధ్వని మారితే జీవితం మారుతుందని ముందుమాటలో అంత బల్లగుద్ది చెప్పినవాడు, మూడో అంకంలో అది చాలదని తానే నిరూపించుకున్నాడు. ధ్వని సరిగ్గా ఉన్న ఎలైజాని నోరు తెరిచిన ప్రతిసారీ ఆమె మాటలే పట్టిస్తున్నాయని హిగ్గిన్స్ తల్లి తేల్చేస్తుంది. నాటకకర్త షా, ప్రచారకుడు షా కంటే తెలివైనవాడు. గురజాడకి ఈ బెడద లేదు. ఆయన కన్యాశుల్కానికి రాసుకున్న ఇంగ్లిష్ ముందుమాట వాడుక భాష తరఫున నిలబడింది. నాటకంలో ఆ వాడుక భాషే ప్రాణం పోసుకుని తిరుగుతుంది. ముందుమాటా నాటకమూ ఒకదాన్నొకటి కొట్టుకోవు. మనం చేసిన తప్పు వేరే ఉంది. గిరీశం చాతుర్యానికి ముచ్చటపడి అతన్ని నెత్తిన పెట్టుకున్నాం. పరీక్ష తప్పిన కుర్రాడు ఆ సెలవులన్నీ పోగొట్టుకున్నాడని ఎవరం బాధపడలేదు.

ఇక ఇడియమ్స్ జాబితాల లెక్కలు. రోజమండ్ మూన్ అనే బ్రిటిష్ భాషావేత్త కంప్యూటర్లో చేర్చిన కోటీ ఎనభై లక్షల మాటల ఇంగ్లిష్‌ని జల్లెడ పట్టి 1998లో ఒక పుస్తకం తెచ్చింది. మనం ప్రాణం పెట్టి బట్టీ పట్టే రంగురంగుల ఇడియమ్స్ చాలావరకు అందులో వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉన్నాయి. 'కిక్ ద బకెట్' లాంటివి దాదాపు కనిపించనే లేదు. గుట్టలుగా దొరికినవి రంగులేని పదబంధాలు: 'ఎట్ లీస్ట్', 'ఆఫ్ కోర్స్', 'ఇన్ ఫ్యాక్ట్' లాంటివి. వీటిని ఏ కోచింగ్ సెంటరూ గోడ మీద రాయదు. రాస్తే ఫీజు కట్టినవాళ్లకి గిట్టుబాటు అనిపించదు. కాని మాట నడిచేది వీటి మీదే. ఎదుటివాడి మాట అందుకోవడానికి, ఒప్పుకుంటూనే కాస్త అడ్డుపడటానికి, ఆలోచించుకోవడానికి ఒక్క క్షణం సంపాదించుకోవడానికి పనికొచ్చేవి ఈ బక్కచిక్కిన మాటలే. వెంకటేశానికి మిల్టన్‌ని దించే గురువు ఉన్నాడు, 'వెల్, ఐ మీన్' అనడం నేర్పే దిక్కులేదు.

ఈ రెండు నాటకాల వరసలో మూడోదాన్ని కూడా ఒక్క నిమిషం చూద్దాం. 2012లో గౌరీ షిండే తీసిన 'ఇంగ్లిష్ వింగ్లిష్'. పదిహేనేళ్ల విరామం తర్వాత శ్రీదేవి తెర మీదకి వచ్చిన సినిమా కాబట్టి మనవాళ్లు తెలుగులో కూడా ఎగబడి చూశారు. న్యూయార్క్ కాఫీ షాపులో శ్రీదేవి వేసిన శశి బెదిరిపోయే సన్నివేశం గుర్తుందా? అక్కడ ఆమెకి ఒక్క గొప్ప ఇడియమూ ఎదురవ్వలేదు. ఎదురైనవి కౌంటరు వెనక అమ్మాయి దడదడ విసిరిన పొడి ప్రశ్నలు, ఏ రొట్టె, ఏ నీళ్లు, ఏ కాఫీ అని. ఆమెని పడగొట్టింది అర్థం తెలియకపోవడం కంటే ఆ వేగం, ఆ విసుగు. చివర అక్క కూతురి పెళ్లిలో ఆమె చెప్పిన నాలుగు మాటల్లోనూ అలంకారం లేదు, బడిపిల్లలు రాసే వాక్యాలే. వినేవాళ్లు ఆగి విన్నారు, అందుకని అవి నిలబడ్డాయి. సినిమా ఇక్కడ కాస్త సుఖాంతపు తీపి ఎక్కువ కలిపిందనే చెప్పాలి. పెళ్లి పందిట్లో చుట్టాలు విన్నంత ఓపిగ్గా ఇంటర్వ్యూ బోర్డు వినదు. అయినా షా ఐదో అంకంలో ఎలైజా చెప్పిన సంగతే ఇది. తనకి అసలు చదువు మొదలైంది పికరింగ్ తనని మిస్ డూలిటిల్ అని పిలిచిన రోజునే అంటుంది ఆ పిల్ల. పాఠాలు చెప్పినవాడు హిగ్గిన్స్, మాట వచ్చేలా చేసినవాడు పికరింగ్.

కాబట్టి ఇడియమ్స్ నేర్చుకోవద్దా అంటే, నేర్చుకోవాలి. మొదట వినడానికి నేర్చుకోవాలి, వాడటం తర్వాత. అమెరికా కంపెనీ కాల్‌లో అవతలివాడు 'లెట్స్ టచ్ బేస్' అంటే మన కుర్రాడికి అర్థం కావాలి. జవాబులో తానూ ఒక బేస్‌బాల్ ఇడియం విసరాల్సిన అవసరం లేదు. వాడదలచుకుంటే ఆ మాట ఎవరి నోట విన్నాడో, ఆ నోరు ఎవరితో మాట్లాడుతూ ఉందో కూడా కలిపి గుర్తుపెట్టుకోవాలి. ఈ పని ఏ పుస్తకమూ చేసిపెట్టదు. డల్లాస్‌లో పదేళ్లుగా ఉన్న మనవాళ్లలో బాగా మాట్లాడేవాళ్లని గమనించండి. వాళ్ల మాటల్లో ఇడియమ్స్ కొద్దిగానే ఉంటాయి, ఉన్నవి మాత్రం వాళ్ల ఆఫీసువో, వాళ్ల పిల్లల బడివో అయ్యుంటాయి. పుస్తకంలోంచి వచ్చిన ఇడియం మాత్రం పెళ్లికి అద్దె కోటులా దూరం నుంచే తెలిసిపోతుంది.

ఇద్దరు నాటకకర్తల్లో ఎవరు లోతుకి వెళ్లారని అడిగితే నేను గురజాడ వైపే మొగ్గుతాను, స్వభాషాభిమానంతో కాదు. షా హాల్లో మోసపోయినవాళ్లకి ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చు. అయినా కొత్త ఫ్యాషన్ అన్న ఒక్క మాటకి లొంగిపోయారు. అక్కడికి వ్యంగ్యం పూర్తయింది. గురజాడ ఇంకో మెట్టు దిగాడు. ఇంగ్లిష్ రాని అగ్రహారం గిరీశాన్ని నమ్మిందంటే సరే. ఇంగ్లిష్ చదివిన వకీలు సౌజన్యారావు పంతులు కూడా నమ్మాడు. ఆ భాష, ఆ సంస్కరణ కబుర్లు తనవి కూడా కాబట్టి మరీ తేలిగ్గా నమ్మాడు. గిరీశాన్ని చదవగలిగింది ఒకప్పుడు అతని దగ్గరున్న వేశ్య మధురవాణి. ఆమె అతని మాటలు వినడం మానేసి మనిషిని చూసింది. ఆమె నోటి నుంచి ఆ పాత సంగతి బయటపడి పంతులు తలుపు చూపించాక గిరీశానికి ఇంక ఎవరి ముందూ వేషం కట్టాల్సిన పని లేదు. అప్పుడు అతని నోట్లోంచి అలవాటు కొద్దీ ఒక ఇంగ్లిష్ తిట్టు పడుతుంది. జరిగింది ఏమిటో చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం తెలుగు నుడికారమే వస్తుంది.